అంతర్వేదిలో పండుగప్ప గాలానికి మనుషుల్ని తీసుకెళ్తున్నాను, అనుభవం ఉన్నవాళ్లు సలహా ఇవ్వండి

నమస్కారమండి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది దగ్గర మా ఊరు. హైదరాబాద్, రాజమండ్రి నుంచి రాడ్లు పట్టుకుని వచ్చేవాళ్లకి ఒడ్డు మీద నుంచే పండుగప్ప పట్టించే పని ఈమధ్యే మొదలుపెట్టాను.

చేప ఎక్కడుంటుందో చూపించడం నాకు వచ్చు. పాటుకి, అంటే నీళ్లు సముద్రంలోకి వెనక్కి తీసేటప్పుడు, కాలువ నోటి దగ్గర బురద నీళ్లూ తేట నీళ్లూ కలిసే గీత కనబడుతుంది. చిన్న చేపలు అక్కడే చెదిరి ఎగురుతాయి, పండుగప్ప కిందే కాపు కాస్తుంది.

నా టెన్షన్ పెద్ద చేప పడ్డాకే. ఈ చేప మొదట మగది, పెరిగాక ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్దవి చాలావరకు గుడ్లు పెట్టే తల్లులే. వాటిని వదిలేయమంటే కొందరు సరేనంటారు గానీ, ఫొటో కోసం దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తారు, పొడి ఇసుక మీద పడుకోబెడతారు. చూడలేకపోతున్నాను. డబ్బు కట్టి వచ్చినవాళ్లకి నొప్పించకుండా ఎలా చెప్పాలి? బుక్ చేసుకునేటప్పుడే షరతు పెట్టేయాలా? ఎండాకాలం వేడి నీళ్లలో అలిసిపోయిన చేప తేరుకోవాలంటే ఏం చేస్తున్నారు?

ఇంకోటి. అమావాస్య, పౌర్ణమి పోటుకి ఇసుక దిబ్బ వెనక పాయ ముందే నిండిపోతుంది, సముద్రం వైపు చూస్తూ గాలం వేసేవాళ్లకి తెలియదు. ఈత రానివాళ్లని అసలు దిబ్బ మీదకి తీసుకెళ్లొచ్చా, లైఫ్ జాకెట్ వేస్తే సరిపోతుందా? గోవా, కేరళ వైపు ఈ పని చేసేవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.