12 లక్షలు కట్టి దుబాయ్ నుంచి సిడ్నీకి వెళ్లొచ్చా?

జగిత్యాల_వైర్‌మన్: దుబాయ్‌లో 8 ఏళ్లుగా ఎలక్ట్రీషియన్‌ని. నెలకు 2,300 దిర్హాములు, రూమ్ కంపెనీదే. సిడ్నీలో ఏడాదికి 76,515 డాలర్ల జీతం ఇప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. స్పాన్సర్‌షిప్‌కు 12 లక్షలట. భార్య, పాప ఊళ్లోనే ఉన్నారు. వెళ్లొచ్చా?

కొండగట్టు_పెద్దన్న: వద్దు తమ్ముడూ. గల్ఫ్‌లో జీతం మీద పన్ను లేదు, నీకు అద్దె లేదు. నేను 19 ఏళ్లు అక్కడే చేసి ఊళ్లో రెండంతస్తులు కట్టాను, చెల్లె పెళ్లి చేశాను. మా బావమరిది కొడుకు మూడేళ్లుగా సిడ్నీలో ఉన్నాడు, ఇంటికి లక్ష కూడా పంపలేదు. అక్కడ కటింగ్‌కే 35 డాలర్లట!

సీను_పారమట్టా: ముందు ఆ 12 లక్షల సంగతి. స్పాన్సర్ చేసినందుకు డబ్బు తీసుకోవడం ఆస్ట్రేలియాలో నేరం, 2015 నుంచి చట్టం ఉంది. 76,515 కూడా పెద్ద ఆఫర్ ఏమీ కాదు. కంపెనీ స్పాన్సర్ చేసే ఈ తాత్కాలిక వీసాకు 2025 జులైలో పెట్టిన కనీస జీతమే అది. ఇక టీఆర్‌ఏ (చేతిపనుల నైపుణ్యం పరీక్షించే ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ) స్కిల్ అసెస్‌మెంట్ పాసైనా పూర్తి లైసెన్స్ వెంటనే రాదు. లైసెన్స్ ఉన్నవాడి కింద పనిచేస్తూ గ్యాప్ ట్రైనింగ్, అంటే ఇక్కడి పద్ధతులు నేర్పే శిక్షణ, చేయాలి. నేను 11 ఏళ్ల అనుభవంతో వచ్చి, 22 ఏళ్ల కుర్రాడు పక్కన నిలబడి చూస్తుంటే సాకెట్లు బిగించాను.

కొండగట్టు_పెద్దన్న: లైసెన్స్ ఎవరడిగారు? మిగిలేదెంతో చెప్పు.

సీను_పారమట్టా: ఆ జీతంలో పన్ను పోగా నెలకు దాదాపు 5,200 చేతికొస్తుంది. మా రెండు గదుల ఇంటికి వారానికి 620, అంటే నెలకు 2,700. ఈ వీసా మీద మనకు మెడికేర్, అంటే ఇక్కడి సర్కారు వైద్యం, రాదు, ఇన్సూరెన్స్ కొనుక్కోవాలి. ఇక్కడ సర్కారు బడిలోనూ తాత్కాలిక వీసావాళ్ల పిల్లలకు ఫీజు ఉంటుంది. సరుకులు, కారు పోతే కొంచెమే మిగులుతుంది. కానీ జీతం కాక 12 శాతం సూపర్ (మన పీఎఫ్ లాంటిది) జమవుతుంది.

కొండగట్టు_పెద్దన్న: ఆ సూపర్ దేశం వదిలి వచ్చేటప్పుడు తీసుకుంటే 35 శాతం పన్ను కోస్తారు. మాకిచ్చే గ్రాట్యుటీలో కోత లేదు. కటింగ్ సంగతి చెప్పనేలేదు.

సీను_పారమట్టా: మా ఆవిడ చేస్తుంది అన్నా, ఇంట్లోనే.

గోదారి_గట్టు: కటింగ్‌కు వేరే థ్రెడ్ పెట్టుకోండయ్యా.

కొండగట్టు_పెద్దన్న: అదే నేననేది. జీతమంతా పెళ్లాం పిల్లలతో అక్కడే తినేశావు. ఊళ్లో అమ్మానాన్నలకు ఏం పంపావు?

సీను_పారమట్టా: మా ఇంటి లెక్క మీకెందుకు? 19 ఏళ్లలో మీరు మీ పిల్లల దగ్గర ఎన్ని నెలలున్నారు? రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. కూడి చెప్పమంటారా?

గోదారి_గట్టు: సీనూ, అది మాత్రం అనకూడదు.

కొండగట్టు_పెద్దన్న: 19 నెలలు. కూడడం నాకూ వచ్చు. దుబాయ్‌కి భార్యను తెచ్చుకోవాలంటే 4,000 దిర్హాముల జీతం ఉండాలి, లేదా 3,000తో పాటు ఇల్లు. నాకు ఏనాడూ అంత రాలేదు. అయినా నేను పోయిందే తిరిగి రావడానికి. నువ్వు ఉండిపోవడానికి పోయావు. ఊరికి పంపలేదని నేనంటే నీకెందుకు ఎక్కుతుంది?

సీను_పారమట్టా: ఎందుకు ఎక్కదు అన్నా? మా నాన్న పోయినప్పుడు టికెట్‌కు అప్పు చేసి వచ్చాను. అప్పటికే దహనం అయిపోయింది. ఉండిపోతాననే గ్యారంటీ కూడా లేదు. స్పాన్సర్ దగ్గర రెండేళ్లు పనిచేస్తేనే పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) దారి. మధ్యలో ఉద్యోగం పోతే 180 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ను చూసుకోవాలి. ఆ టెన్షన్ మీకు తెలీదు.

కొండగట్టు_పెద్దన్న: నాన్న సంగతి నాకు తెలీదు తమ్ముడూ. ఇంతకీ అడిగినవాడు ఏడి?

జగిత్యాల_వైర్‌మన్: ఇక్కడే ఉన్నాను అన్నా. పాప జూన్‌లో ఒకటో తరగతికి వస్తుంది, అందుకే తొందరపడ్డాను. ఏజెంటుకు 50 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. తిరిగొస్తాయా?

కొండగట్టు_పెద్దన్న: ఫోన్‌పేలో వేశావా, చేతికిచ్చావా?