డాబా లీకేజీకి డ్రోన్ సర్వే: 18,000 పెట్టొచ్చా?

వేళచ్చేరి సెక్రటరీ:
చెన్నై వేళచ్చేరిలో పదహారు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. సెక్రటరీగా ఎవరూ ముందుకు రాకపోతే నా నెత్తిన పడింది. పై అంతస్తులో ఒకావిడ హాల్లో ఫ్యాన్ హుక్కు చుట్టూ పళ్ళెమంత చెమ్మ మచ్చ. రెండుసార్లు వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. నవంబరు వానలకి మచ్చ ఇంకో జానెడు పెరిగింది. శ్లాబు మీద ఇటుక జల్లి, సున్నం, దానిపైన ఎర్ర పెంకులు (ఇక్కడ తట్టోడు అంటారు).

ఇప్పుడొక కంపెనీ వాళ్ళు డ్రోన్‌కి థర్మల్ కెమెరా పెట్టి తీస్తాం, చెమ్మ ఎక్కడుందో ఏఐ చెప్పేస్తుంది, 18,000 అంటున్నారు. శాంపిల్‌గా తీసిన ఫొటోలో మా డాబా మీద ఏడు ఎర్ర గళ్ళున్నాయి. తీసింది మధ్యాహ్నం రెండింటికి. నమ్మొచ్చా?

థర్మల్ తమ్ముడు:
మధ్యాహ్నం రెండింటికా! అక్కడే తేలిపోయింది అన్నా. నేను సోలార్ ప్యానెళ్ళకి ఇవే సర్వేలు చేస్తాను. కెమెరాకి నీళ్ళు కనపడవు, పైపైన వేడి ఎంతుందో అంతే. వేడెక్కడానికైనా చల్లారడానికైనా నీళ్ళకి కాంక్రీటు కన్నా ఎక్కువసేపు పడుతుంది, అందుకే పొద్దుగూకాక కూడా తడి చోటు వెచ్చగా ఉంటుంది. ఫొటో అప్పుడు తీయాలి. ఆకాశం తేటగా, గాలి తక్కువగా, పైన పెంకులు ఆరి ఉండాలి. పట్టపగలైతే తడి చోటు చల్లగా కూడా కనిపించొచ్చు. తెల్ల పెయింటు లేచిపోయిన చోటల్లా ఎర్రగా వస్తుంది, ఏఐ దానికీ గడి గీస్తుంది.

ఇంకోటి. ఈ పద్ధతి బాగా కుదిరేది షీటు కింద ఇన్సులేషన్ బోర్డులున్న చదును కప్పులకి. ఇలాంటి సర్వే ఎలా చేయాలో చెప్పే ఏఎస్‌టీఎం సీ1153 ప్రమాణం కూడా వాటికోసమే. మీ పెంకుల కింద మూడు నాలుగంగుళాల జల్లి ఉంటుంది, లోతున ఉన్న చెమ్మ పైకి సరిగా తెలియదు. వాళ్ళ ఏఐకి ఎలాంటి డాబాలు చూపించి నేర్పారో అడగండి.

మీనంబాక్కం ఎయిర్‌పోర్టు మీకు దగ్గరే కదా. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం యెల్లో జోన్‌లో ఏటీసీ (విమానాల రాకపోకలు చూసే విభాగం) అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

రిటైర్డ్ సివిల్:
మెట్లెక్కితే అందే డాబాకి డ్రోన్ ఎందుకండీ? ఫ్యాక్టరీ షెడ్డయితే సరే. చేత్తో పట్టుకునే థర్మల్ కెమెరా ఒక సాయంత్రానికి అద్దెకి తెచ్చుకోండి. ఎక్కడ అనుమానం వస్తే అక్కడ రూపాయి బిళ్ళతో పెంకు మీద కొట్టండి, డొల్లగా మోగితే ఊడదీసి చూడండి. మచ్చకి సరిగ్గా పైన మాత్రం వెతకొద్దు. నీళ్ళు జల్లిలో వాలు వెంబడి పాకి, శ్లాబులో సందు దొరికిన చోట దిగుతాయి. అయినా తేలకపోతే వాన గొట్టాల మూతులు మూసి, అంగుళం నీళ్ళు రెండు రోజులు నిలబెట్టండి.

వేళచ్చేరి సెక్రటరీ (పది రోజుల తర్వాత):
అనుమతి కాగితం అడిగిన దగ్గర్నుంచి డ్రోన్ వాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు. ఏడున్నరకి అద్దె కెమెరాతో ఎక్కాం. వెచ్చటి మచ్చలు మూడొచ్చాయి. రెండింటి కింద పొడి జల్లే. మూడోది ఫ్యాన్‌కి తొమ్మిదడుగుల అవతల, పిట్టగోడ మూలన, ఎవరో డిష్ స్టాండు బిగించి పీకేసిన చోట. నాలుగు బోల్టు రంధ్రాలు నోరు తెరుచుకుని ఉన్నాయి. పెంకు లేపితే జల్లి తడి అటుకుల్లా చేతికి అంటుకుంది. సార్, మీరన్నట్టే డొల్లగానే మోగింది.

మేస్త్రి సోమవారం వస్తానన్నాడు. పై ఫ్లాటావిడ మాత్రం సీలింగు రంగు ఖర్చు కూడా అసోసియేషనే పెట్టుకోవాలంటోంది. ఆ డిష్షు వాళ్ళదే అని ఎలా చెప్పాలో తెలియడం లేదు.