మల్లన చదరంగం పద్యం: ‘వియన్నగాగ్ని’యా, ‘వియన్నభోగ్ని’యా?

పద్యప్రియ: చదరంగం 64 గళ్లలో మొదటి గడికి ఒక గింజ, ఆపైన గడిగడికీ రెట్టింపు వేసుకుంటూ పోతే వచ్చే మొత్తాన్ని పావులూరి మల్లన ఒక్కో అంకెకు ఒక్కో మాటగా పద్యంలో చెప్పాడు కదా. ఆ చదరంగం పద్యం చివరి భాగం ఎంతకీ గుర్తుకు రావడం లేదు. ‘శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు...’ ఆ తర్వాత?

గోదారి గట్టు: ‘వియన్నభోగ్ని’ కదండీ? మా గురువుగారు అలాగే చదివేవారు. చంపకమాలలో రెండూ ఒదుగుతాయి, యతిస్థానం కూడా కాదు.

లెక్కల మాస్టారు: గణం ఒప్పుకున్నా లెక్క ఒప్పుకోదు. కుడి నుంచి ఎడమకు పేర్చండి: 18446744073709551615. నగం ఏడు, నభం సున్నా. ‘భో’ అంటే ఏకంగా 70 కోట్లు తగ్గిపోతుంది. 64 గళ్ల మొత్తం అంటే రెండుని 64 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య; అది మూడుతో భాగించబడి తీరాలి. ‘గా’తో అంకెల మొత్తం 87, సరిపోయింది. ‘భో’తో 80.

తెనాలి తెలుగు: మరి రంధ్రం సంగతి? తొమ్మిదికే కాదు, సున్నాకీ వాడారు. అప్పుడు మొత్తం 78, మూడుతో పోతుంది. చివర అయిదుంది కాబట్టి అయిదుతోనూ పోతుంది. మీ పరీక్షకు దొరకదు.

లెక్కల మాస్టారు: 17కు దొరుకుతుంది. ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417ల లబ్ధం. రంధ్రం సున్నా అయి 90 లక్షలు తగ్గితే 17 ఒప్పుకోదు. అందులో 641ని గణితవేత్త ఆయిలర్ 1732లో పట్టుకున్నాడు. రెండుని 32 సార్లు వేసి గుణించి ఒకటి కలిపితే ప్రధానసంఖ్య వస్తుందని అంతకు ముందు మరో గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. అది 641, 6700417ల లబ్ధమని తేలింది. ఈ ఏడింటి లబ్ధాన్ని మన మల్లన అంతకు వందల ఏళ్ల ముందే పద్యంలో కూర్చేశాడు!

గోదారి గట్టు: ఏ మల్లన? ఆ పేరుతో ఇద్దరున్నారు కదా, తాతా, మనవడా? ముందు అది తేల్చండి.

తెనాలి తెలుగు: ఎవరైనా మహాకవే. నాలుగు నాలుగులకు అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య. మూడు ఏడులకు మూడు కొండ పేర్లు, మూడు ఒకట్లకు మూడు చంద్రుడి పేర్లు. ‘శర’ ఒక్కటే రెండుసార్లు వచ్చింది. నాకు అదే లోటు.

పద్యప్రియ: లోటు కాదండీ. మొదటిది ప్రాస కోసం: శర, ధర, జర. రెండోచోట ‘బాణ’ వేస్తే భగణం చెడుతుంది, బాణానికే మరో పేరు ‘ఇషు’ వేస్తే సంధి జరిగి ‘చంద్రేషు’ అవుతుంది. అక్కడ ‘శర’ తప్ప ఏం వేయగలరో చెప్పండి.