అప్‌డేట్: మిల్లు మూతపడి పని పోయిన తమ్ముడికి ఉచిత శిక్షణ దొరికింది

స్పిన్నింగ్ మిల్లు మూసేశాక మా తమ్ముడికి (37 ఏళ్లు, పదో తరగతి) ప్రభుత్వ ఖర్చుతో ఏదైనా పని నేర్పించే దారి ఉందా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పని చేసిన సలహా ఆర్‌సెటీ. బ్యాంకులు జిల్లాల్లో నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ అది. నెల రోజుల హౌస్ వైరింగ్ కోర్సు పూర్తి చేశాడు. ఫీజు లేదు, భోజనం, వసతి కూడా వాళ్లవే. గ్రామీణ పేద అభ్యర్థుల శిక్షణ ఖర్చు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఇస్తుంది. మా అమ్మ డ్వాక్రా సంఘంలో ఉండటం బాగా కలిసొచ్చింది. ఊళ్లో సంఘం లెక్కలు చూసే అమ్మాయే దరఖాస్తు పెట్టించింది. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్, ఫొటోలు సరిపోయాయి.

చెక్క బోర్డు మీద మెట్ల లైటుకి రెండు స్విచ్‌ల కనెక్షన్ రోజూ విప్పించి మళ్లీ కట్టించేవారట. ఇప్పుడు కళ్లు మూసుకుని చేస్తాడు.

డీడీయూ-జీకేవై (గ్రామీణ యువతకి ఉద్యోగ శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం) మాకు కుదరలేదు, అందులో మగవాళ్లకి సాధారణంగా 35 ఏళ్ల లోపే. పీఎఫ్ కాగితాల కోసం పడ్డ టెన్షన్ అనవసరం, ఎవరూ అడగలేదు. ఉద్యోగం గ్యారంటీ అని డిపాజిట్ అడిగిన ప్రైవేటు సెంటర్‌కి వెళ్లలేదు. మీరూ వెళ్లకండి, ఈ శిక్షణకి రూపాయి కట్టక్కర్లేదు.

కోర్సు అయ్యాక రెండేళ్ల వరకు వాళ్లే ఫాలోఅప్ చేస్తారు. పనిముట్ల కోసం ముద్రా శిశు లోన్‌కి (50,000 వరకు) అప్లై చేశాడు, ఇంకా రావాలి.