ఏపీ గన్ లైసెన్స్‌తో తెలంగాణ ఆర్మీ క్వార్టర్‌కి మారడం ఎలా?

నేను ఆర్మీలో హవల్దార్‌ని, మాది కడప దగ్గర పల్లె. నాన్న పెద్దవాడయ్యాక 12 బోర్ డబుల్ బ్యారెల్ గన్ నా పేరు మీదికి మార్పించుకున్నాను. తోటలో ఇల్లు, చుట్టూ మనుషులు ఉండరు. ఆత్మరక్షణకే లైసెన్స్ ఇచ్చారు. కానీ అది ఆంధ్రప్రదేశ్‌లో మాత్రమే చెల్లుతుంది.

జూన్‌లో తెలంగాణలో ఫ్యామిలీ క్వార్టర్ వచ్చింది. నెలకు పది రోజులు నేను డ్యూటీ మీద బయటే ఉంటాను. భార్య, నాలుగేళ్ల బాబు ఒంటరిగా ఉంటారు, అందుకే గన్ క్వార్టర్‌లో పెట్టాలనుకున్నా.

యూనిట్‌లో అడిగితే సొంత ఆయుధం కోత్‌లో (యూనిట్ ఆయుధాగారంలో) జమ చేయాల్సిందే, ఇంట్లో కుదరదన్నారు. పిల్లాడున్న ఇంట్లో అదే మంచిదని నాకూ అనిపించింది, ఒప్పుకున్నాను. చిక్కు అక్కడ కాదు. కోత్‌లో తీసుకోవాలంటే తెలంగాణలో చెల్లే లైసెన్స్ చూపమంటున్నారు. లైసెన్స్ చెల్లే ఏరియా పెంచమని నాలుగు నెలల క్రితం దరఖాస్తు చేశాను, యూఐఎన్ (లైసెన్స్‌దారుడి గుర్తింపు) నంబర్ ఉంది, పోలీస్ విచారణ కూడా అయింది. ఇప్పుడేమో లైసెన్స్ ఆఫీసులో ముందు యూనిట్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెమ్మంటున్నారు. యూనిట్‌లో ఎన్‌ఓసీ అడిగితే మళ్లీ లైసెన్సే అంటున్నారు. రెండుసార్లు సెలవు పెట్టి తిరిగాను.

ప్రస్తుతం గన్ ఊళ్లో ఇనప ట్రంకులో, తూటాలు వేరే బీరువాలో ఉన్నాయి. అమ్మ ఒక్కతే ఉంటుంది, రాత్రిళ్లు అదే టెన్షన్.

సర్వీసులో ఉండి ఇలా రాష్ట్రం మారినవాళ్లు చెప్పండి: మీకు మొదట ఏ కాగితం ఇచ్చారు, యూనిట్ ఎన్‌ఓసీనా, ఏరియా పెంచిన లైసెన్సా?