బతికుండగానే ఇల్లు కొడుకు పేరిట రాసివ్వాలా, వీలునామా చాలా?

అనంతపురం పెద్దకొడుకు:
మా నాన్నగారికి 76 ఏళ్లు. అనంతపురంలో సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లు ఉంది. గుత్తి దగ్గర తాతగారి ఆస్తి భాగపరిష్కారంలో వచ్చిన ఐదెకరాల మెట్ట ఉంది. అమ్మానాన్నలు తమ్ముడి దగ్గరే ఉంటారు. ఇంటిమీద ఇంకో అంతస్తు వేయడానికి బ్యాంకు అప్పు కావాలని, ఇల్లు తన పేరిట దానపత్రం రాసివ్వమని తమ్ముడు అడుగుతున్నాడు. నాన్న సరేనన్నారు. నేను బెంగళూరులో, చెల్లెలు ఆదోనిలో. వీలునామా రాస్తే చాలదా అని నా అనుమానం. తెలిసినవారు చెప్పండి.

ఆదోని దస్తావేజు లేఖరి:
దానపత్రమే మేలు. వీలునామాను రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు కదా అని చాలామంది తెల్లకాగితం మీద రాయించి బీరువాలో పెడతారు. సాక్షులుగా పిలిచేది ఎవరిని? తమ ఈడు స్నేహితులనే. తీరా ఆయన పోయేసరికి వాళ్లూ ఉండరు. సాక్షుల్లో ఒకరైనా కోర్టుకు వచ్చి ‘నా ఎదుటే సంతకం చేశారు’ అని చెప్పకపోతే వీలునామా నిలబెట్టడం ఎంత కష్టమో వకీళ్లను అడగండి. దానపత్రమైతే రిజిస్ట్రేషన్‌తోనే హక్కు మారిపోతుంది, ఆ తరువాత తగాదా ఉండదు.

కర్నూలు వకీలు:
తగాదా ఉండదు, నిజమే. తండ్రికి ఇల్లు కూడా ఉండదు.
లేఖరిగారూ, మీరు రాసే దస్తావేజులో వాక్యం నాకు కంఠతా వచ్చు: ‘ప్రేమాభిమానముల చేత ఇచ్చినందున నేటి నుండి దాన విక్రయాది సర్వ హక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనవలెను.’ ఇచ్చినవాడు రేపు ఎక్కడ పడుకోవాలో అందులో ఒక్క ముక్క ఉండదు. ఒకసారి ఇచ్చిన దానాన్ని మనసు మారిందని వెనక్కి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.
2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. పోషించాలనే షరతు మీద ఆస్తి ఇస్తే, తీసుకున్నవారు పోషించకపోతే ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. మన దగ్గర ఆర్డీఓగారే ట్రిబ్యునల్. అసలు కిటుకు ఆ షరతులోనే ఉంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తల్లి కేసులో షరతు ఉన్నట్టు రుజువు లేదని ఈ సెక్షన్ వర్తించదంది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన మరో తల్లి గెలిచింది. ఆమె కొడుకుకు ఇచ్చిన పత్రంలో సేవ చేయాలన్న మాట ఉంది, వేరే కాగితం మీద హామీ కూడా రాయించుకుంది. చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలని కోర్టు చెప్పింది కానీ, ఆ కాగితాలే లేకుంటే ఏం చదివేది?

ప్రొద్దుటూరు కోడలు:
ఎవరు మాట్లాడినా కొడుకు మోసగాడు, కోడలు గయ్యాళి అన్నట్టే మొదలుపెడతారు. మా అత్తగారికి పక్షవాతం వచ్చాక పక్క మార్చింది, స్నానం చేయించింది, రాత్రి రెండింటికి లేచి నీళ్లు పట్టింది నేను. ఇల్లు మాకే రాశానని వీలునామా చూపించేది. సంక్రాంతికి ఆడపడుచు వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్లాక ఆ వీలునామా మారిపోయింది. చివరిది చెల్లుతుందట, మునుపటివి చెల్లవట. ఇస్తానని ఊరిస్తూ ఏళ్ల తరబడి చాకిరీ చేయించుకోవడాన్ని ఏమంటారు వకీలుగారూ? చేసేవాళ్లకూ భరోసా ఉండాలి. మీ తమ్ముడు అడిగినదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు.

కడప ఆడపడుచు:
అమ్మా, మీ కష్టం కాదనను. కానీ దానపత్రాలు ఎక్కువగా ఎందుకు పుడతాయో కూడా చెప్పుకుందాం. తండ్రి ఏ కాగితమూ రాయకుండా పోతే సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా వస్తుంది. అది రాకుండా ముందే దారి మూసేయడానికే చాలా ఇళ్లలో ఈ తొందర. ‘నీకు పెళ్లిలో ఇచ్చాం కదా’ అంటారు. ఈ చర్చలో కూడా ఆదోని చెల్లెలి అభిప్రాయం ఎవరూ అడగలేదు.

కర్నూలు వకీలు:
ప్రొద్దుటూరు అమ్మగారి ప్రశ్న న్యాయమైనదే, దానికి వీలునామాలో జవాబు లేదు. మధ్యే మార్గం ఉంది: తల్లిదండ్రులు జీవించి ఉన్నంతకాలం అనుభవ హక్కు, అద్దె తమకే నిలుపుకొని, హక్కును ఇప్పుడే పిల్లలకు ఇచ్చే సెటిల్‌మెంట్ దస్తావేజు. ఇలా అనుభవం అట్టిపెట్టుకున్నా దానం చెల్లుతుందని మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. చేసేవారికి భరోసా, పెద్దలకు గూడు. అందులోనే పోషణ షరతు కూడా రాయించండి: తిండి, మందులు, ఏ గది, ఆసుపత్రి ఖర్చు ఎవరిది. ‘బాగా చూసుకోవాలి’ అని రాస్తే చాలదు.
ఇంకొకటి. తండ్రి అనుభవ హక్కు రాసి తల్లిని మరిచిపోయిన దస్తావేజులు చాలా చూశాను. ఆయన పోయిన మర్నాటి నుంచి ఆమె సొంత ఇంట్లో చుట్టం అవుతుంది. ‘నా తరువాత నా భార్య’ అన్న మాట లేకుండా సంతకం పెట్టనివ్వకండి.
గుత్తి పొలం సంగతి వేరు. అది ఉమ్మడి ఆస్తి అయితే కూతురికి పుట్టుకతోనే వాటా ఉంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ, 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఆ విషయం తేల్చేశాయి. నాన్నగారు తన వాటా వరకు వీలునామా రాయగలరు, మొత్తం ఒకరికి దానం చేయలేరు.

కర్నూలు పాతబస్తీ:
ఇదంతా హిందూ కుటుంబాల లెక్క. మా ముస్లింలలో వీలునామాతో ఇవ్వగలిగేది మూడో వంతే, మిగతాది వారసుల వాటాల ప్రకారం పోతుంది. అందుకే మా పెద్దలు హిబా, అంటే బతికుండగానే ఇచ్చే దానం, వైపు మొగ్గుతారు, దానికి స్వాధీనం అప్పగించడం ముఖ్యం. మావాళ్లెవరైనా ఇది చదివితే పై సలహాలను యథాతథంగా పాటించవద్దు.

ఆదోని దస్తావేజు లేఖరి:
వకీలుగారు చెప్పినవన్నీ రాస్తే దస్తావేజు పది పేజీలవుతుంది, రాయమంటే రాస్తాం. కానీ అనుభవ హక్కు ఉన్న ఆస్తి మీద అప్పివ్వడానికి బ్యాంకులు ముఖం చాటేస్తాయి. తమ్ముడికి కావలసింది అప్పే కదా?

కర్నూలు వకీలు:
అప్పు కోసమే అయితే హక్కు మార్చడమెందుకు? ఇంటి యజమానిగా నాన్నగారు, సంపాదించేవాడిగా తమ్ముడు కలిసి దరఖాస్తు పెట్టుకోవచ్చేమో ముందు బ్యాంకునే అడగండి. కాకపోతే వాయిదాలు ఆగితే పోయేది నాన్నగారి ఇల్లే, అది ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలి.

అనంతపురం పెద్దకొడుకు:
సోమవారం నేను, తమ్ముడు బ్యాంకుకు వెళుతున్నాం. షరతులు రాయాలంటే తమ్ముడు నొచ్చుకున్నాడు, ‘నన్ను నమ్మరా’ అన్నాడు. అమ్మ పేరు రాయడానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. చెల్లెలికీ ఫోను చేశాను. ఇల్లు వాడికే ఇవ్వండి, అమ్మానాన్నలను చూసేది వాడే కదా అంది. తరువాత, పొలం పాసుపుస్తకం ఎవరి దగ్గరుందని అడిగింది.