పంపకమా, పొలిమేరా?

ఒంగోలు సభ్యురాలు:
పెద్దలకు నమస్కారం. బంగాళాఖాతం అడుగున భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య గీత ఎలా పడిందో చెప్పే వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. శీర్షికలో ‘సముద్రగర్భ పంపకం’ అని పెట్టాను. పత్రిక వారు దాన్ని ‘సరిహద్దు విభజన’ అని మార్చారు. రెండింటిలో ఏది మేలు? ఇంతకన్నా మంచి మాట ఉంటే చెప్పండి.

నెల్లూరు సభ్యుడు:
రెండూ వద్దమ్మా. సర్వే శాఖలో కొలత గొలుసు లాగించి రిటైరైనవాణ్ని, ఈ రెండు పనులూ వేరని నాకు బాగా తెలుసు. పంపకం జరగాలంటే ముందు ఉమ్మడి ఆస్తి ఉండాలి. అన్నదమ్ములు పెద్దమనుషులను కూర్చోబెట్టుకుని, నీకింత నాకింత అని కాగితం రాసుకుంటే అది పంపకం. పొలిమేర తగువులో ఉమ్మడి ఏమీ ఉండదు. ఆ ఊరి నేల ఆ ఊరిదే, ఈ ఊరి నేల ఈ ఊరిదే. గీత ఎక్కడ నడుస్తుందో తేలకే ఆ గొడవంతా. ఇక ‘విభజన’ అంటారా, అది సంస్కృతం కట్టిన పంపకమే.

ఇది ముసలివాడి చాదస్తం అనుకునేరు. 1969 ఫిబ్రవరిలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం సరిగ్గా ఈ తేడా మీదే తీర్పు చెప్పింది. ఉత్తర సముద్రం అడుగున ఖండతీరపు అంచు (ఒడ్డు నుంచి నీళ్ల కిందికి సాగిన నేల) మీద పశ్చిమ జర్మనీ ఒకవైపు, డెన్మార్క్, నెదర్లాండ్స్ మరోవైపు. ‘మాకు న్యాయమైన వాటా రావాలి’ అన్నది జర్మనీ వాదన. కోర్టు ఆ వాటా మాటను పక్కన పెట్టేసింది. తీరదేశపు నేల సముద్రం కిందికి ఎంతవరకు సాగిందో అంతవరకు ఆ దేశానికి హక్కు మొదటి నుంచీ ఉన్నదేననీ, ఎవరూ పంచి పెట్టనక్కరలేదనీ, ఆ హక్కు ఎక్కడ ఆగుతుందో గుర్తించడమే మిగిలిన పని అనీ చెప్పింది. గీత కూడా తాను గీయలేదు. ఏ సూత్రాల మీద గీసుకోవాలో చెప్పి, మాట్లాడుకోండని పంపేసింది. 1971లో వాళ్లు ఒప్పందాలు రాసుకున్నారు. కాబట్టి మీ శీర్షికలో ‘పొలిమేర’ ఉండాలని నా పట్టు.

కొత్తపట్నం సభ్యుడు:
పొలిమేర అంటే పొలం, మేర కలిసిన మాట కదా మాస్టారూ. నీళ్ల కింద పొలం ఎక్కడిది? మన కవులు వాడిన ‘చెలియలికట్ట’ చేతిలో ఉండగా వేరే మాట ఎందుకు? ఎర్రన, తిక్కన పుట్టిపెరిగిన సీమలో ఉండి ఆ మాట మరచిపోతే ఎలా!

నెల్లూరు సభ్యుడు:
మరవలేదు బాబూ. చెలియలికట్ట సముద్రానికీ నేలకీ మధ్య ఉన్న హద్దు. ఎంత పొంగినా సముద్రం దాన్ని దాటదని కవుల నమ్మకం. (తుపానుకు ఇళ్లు పోయిన మన తీరం వాళ్లను అడిగితే ఇంకోలా చెబుతారు.) రెండు దేశాల మధ్య నీళ్లలో నడిచే గీతకు ఆ మాట అతకదు. అయితే సముద్ర చట్టంలో దానికి కుదిరే చోటు ఒకటుంది. అదే ఆధారరేఖ. పాటు వేళ నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు తేలే ఒడ్డు అంచును మామూలుగా ఆధారరేఖగా తీసుకుంటారు. 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలైనా, చేపల మీదా ఖనిజాల మీదా తీరదేశానికే హక్కుండే 200 నాటికల్ మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలమైనా కొలత అక్కడి నుంచే మొదలు. గొలుసు మొదటి కొస పట్టుకునే చోటన్నమాట. దానికి ‘చెలియలికట్ట’ వాడితే నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

ఇక పొలం లేదన్నారు కదా, సరే, పొలాన్ని వదిలేయండి. ‘మేర’ను పట్టుకోండి, అందులోనే ఉంది విషయం. ‘రెండు మైళ్ల మేర’ అంటే ఎంత దూరమో చెబుతున్నాం. ‘మేర మీరాడు’ అంటే హద్దు దాటాడని. సముద్రం విషయంలో ఈ రెండు అర్థాలూ కావాలి. నా హక్కు ఎంత మేర అన్నది ఎవరికి వారే చెప్పుకోవచ్చు. మన దేశం 1976లో చట్టం చేసి తన మేర చెప్పుకుంది. ఎదురు తీరం 400 నాటికల్ మైళ్లకు అవతల ఉంటే నీళ్ల దగ్గర పేచీ లేదు. ఇవతల ఉంటే ఇద్దరి మేరలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పక్కపక్క దేశాలకైతే ఒడ్డు దగ్గరి నుంచే ఈ చిక్కు. అప్పుడు పొలిమేర కావాలి. దాన్ని వేయాలంటే అవతలి ఊరివాళ్లు వచ్చి గొలుసు రెండో కొస పట్టుకోవలసిందే. శ్రీలంకతో 1974, 1976 ఒప్పందాలు, 1974లో ఇండోనేషియాతో, 1976లో మాల్దీవులతో, 1978లో థాయిలాండ్‌తో, 1986లో బర్మాతో ఒప్పందాలు అలా కుదిరినవే.

మా వృత్తివాళ్లకు నచ్చే ముచ్చట ఇంకొకటి చెప్పి ఆపుతాను. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట ట్రైజంక్షన్ రాయి పాతుతాం. గెట్టు తగువుల్లో మొదట మాయమయ్యేది ఆ రాయే! సముద్రంలోనూ అలాంటి చోట్లున్నాయి. మన్నార్ సింధుశాఖకు అవతల భారత్, శ్రీలంక, మాల్దీవుల గీతలు కలిసే బిందువును 1976లో మూడు ప్రభుత్వాలూ కలిసి ఖాయం చేశాయి. అక్కడ రాయి పాతలేరు కాబట్టి అక్షాంశ రేఖాంశాలు రాసుకున్నారు. రాత్రికి రాత్రి పీకేసేవాడు లేడు.

మైపాడు సభ్యుడు:
మా వైపు వేటకు వెళ్లేవాళ్ల మాట కూడా వినండి. వాళ్ల నోట సరిహద్దూ రాదు, పొలిమేరా రాదు. ‘మా ఊరి ఎదురు’ అంటారు. తమిళనాడు నుంచి సోనా బోట్లు (పెద్ద మరబోట్లు) వచ్చి వలలు తెంపుకుపోయినప్పుడు ‘మా ఊరి ఎదురుకొచ్చి వేస్తున్నారు’ అనే గొడవ. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదని మన రాష్ట్రంలో నిబంధన ఉన్నా, వాళ్లు కిలోమీటర్లలో మాట్లాడరు. ఒడ్డున గుడి గోపురమో, సరుగుడు తోపో ఏ దిక్కున కనిపిస్తోంది, కింద ఎన్ని బారల లోతు, ఇదీ వాళ్ల లెక్క.

నెల్లూరు సభ్యుడు:
భలే మాట చెప్పారు. ‘భూమి సముద్రాన్ని శాసిస్తుంది’ అని 1969 తీర్పులో ఒక సూత్రం ఉంది. ఒడ్డు ఎవరిదో దాని ఎదురు నీళ్ల మీద, అడుగు మీద వాళ్లకే హక్కు పుడుతుందని దాని అర్థం. మైపాడు వాళ్లు రెండు ముక్కల్లో తేల్చేశారు.

ఒంగోలు సభ్యురాలు:
పొలిమేరకు నేను ఒప్పుకున్నాను. మరి ‘సమదూరరేఖ’? మూల వ్యాసంలో ముందు దాన్ని గీసి, తర్వాత పక్కకు జరిపారని ఉంది. సమదూరంగా గీశాక మళ్లీ జరపడం ఎందుకో పాఠకులకు ఎలా చెప్పాలి?

నెల్లూరు సభ్యుడు:
మన జిల్లా పటం తీసుకోండి. పులికాట్ నుంచి ఒంగోలు దాకా తీరం దాదాపు నిలువుగా ఉత్తరానికి నడుస్తుంది. ఆ పైన తూర్పుకు తిరిగి దివిసీమ కొసకు పోతుంది. ఆ మలుపులో నిజాంపట్నం దగ్గర తీరం లోపలికి వంగి ఉంటుంది. ప్రకాశం, బాపట్ల, కృష్ణా మూడు వేర్వేరు దేశాలనుకోండి. పక్కపక్క తీరాలకు సమానదూరంలో గీతలు లాగుకుంటూ పోతే ప్రకాశం గీత తూర్పుకు, కృష్ణా గీత దక్షిణానికి సాగి ముందెక్కడో కలుసుకుంటాయి. నడుమ ఉన్న బాపట్లకు కొసదేలిన ఒక ముక్క మిగులుతుంది. తీరం పొడవు తక్కువేం కాదు, వంపులో ఉండటమే దాని పాపం. ఉత్తర సముద్రంలో జర్మనీకి, బంగాళాఖాతంలో బంగ్లాదేశ్‌కు వచ్చిన కష్టం ఇదే.

1958 జెనీవా ఒప్పందం సమదూరరేఖకు పెద్దపీట వేసింది, ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప అంది. 1982 సముద్ర చట్ట ఒప్పందం ఖండతీరపు అంచు విషయంలో ఆ రేఖ పేరే ఎత్తలేదు. అంతర్జాతీయ చట్టం ప్రకారం మాట్లాడుకుని న్యాయసమ్మతమైన పరిష్కారానికి రండి అని ఊరుకుంది. ఇలాంటి వాక్యం రాసినవాళ్లకు హాయి, గీత గీసేవాడికి నరకం. అందుకని కోర్టులే ఒక వరస పెట్టుకున్నాయి. నల్ల సముద్రంలో రుమేనియా, ఉక్రెయిన్‌ల తగువు మీద 2009లో ఇచ్చిన తీర్పు దాన్ని స్పష్టంగా చెప్పింది. ముందు తాత్కాలికంగా సమదూరరేఖ. తర్వాత వంపు, దీవులు లాంటి కారణాలుంటే దాన్ని జరపడం. చివరికి తీరాల పొడవుకూ దక్కిన వైశాల్యాలకూ మధ్య మరీ ఘోరమైన తేడా ఉందా అని ఒకసారి చూసుకోవడం. మీ వ్యాసంలో ‘తాత్కాలిక’ అన్న మాట జారిపోకుండా చూడండి, సమదూరరేఖే తుది గీత అని చదివేవాళ్లు పొరబడతారు.

2014 జులై 7న హేగ్‌లో వెలువడిన భారత్-బంగ్లాదేశ్ తీర్పులో జరిగిందీ ఇదే. బంగ్లాదేశ్ 180 డిగ్రీల గీత కోరింది, అంటే సూటిగా దక్షిణానికి. మనం సమదూరరేఖ అన్నాం. అయిదుగురు మధ్యవర్తుల ట్రిబ్యునల్ వంపును లెక్కలోకి తీసుకుని, కొంత దూరం పోయాక గీతను 177 డిగ్రీల 30 నిమిషాలకు తిప్పింది. ఆ అయిదుగురిలో పెమ్మరాజు శ్రీనివాసరావు గారు ఉన్నారు. ఇంటిపేరు చూస్తే మనవారే. కొన్ని అంశాలలో విభేదిస్తూ విడిగా అభిప్రాయం రాశారు.

కొత్తపట్నం సభ్యుడు:
మాస్టారూ, మీ మాటతోనే పట్టుకుంటున్నాను. తగువులో ఉన్నది 25,602 చదరపు కిలోమీటర్లనీ, తమకు 19,467 వచ్చాయనీ బంగ్లాదేశ్ ప్రభుత్వం చెప్పుకుంది. ఎవరికెంత వచ్చిందో లెక్క కట్టుకున్నాక అది పంపకం కాక మరేమిటి? పైగా చివర తీరం పొడవుకు తగినట్టుందా అని తూకం కూడా వేస్తారంటిరి!

నెల్లూరు సభ్యుడు:
గెలిచినవాళ్లు చెప్పుకునే లెక్క వేరు, తీర్పు నడిచిన దారి వేరు. చివరి తూకం వాటాలు సరిచేయడానికి కాదు, మరీ అన్యాయం జరిగిపోలేదు కదా అని చూసుకోవడానికి. అయినా మీ మాటలో బలం లేకపోలేదు. దేశాలు కోర్టు మెట్లెక్కకుండా తమలో తాము కూర్చుంటే ఏ సూత్రమైనా పెట్టుకోవచ్చు. ఇక్కడ నాలుగు మైళ్లు వదులుకుని అక్కడ చేపల హక్కు తెచ్చుకోవచ్చు. దాన్ని మీరు పంపకమంటే నేను అడ్డు రాను. గీత తేలక ఉమ్మడిగా ఉంచేసుకున్న చోట్లా ఉన్నాయి. 1979లో మలేసియా, థాయిలాండ్ తమ మేరలు ఒకదాని మీద ఒకటి పడిన భాగాన్ని ఉమ్మడిగా తవ్వుకుని, ఖర్చూ రాబడీ చెరిసగం అనుకున్నాయి. అక్కడ ‘ఉమ్మడి’, ‘వాటా’ అని నిక్షేపంగా రాయండి. ఆ మాటలు పుట్టింది అలాంటి ఏర్పాటుకే.

‘మేర’కు మూడో అర్థం ఒకటుంది, అది మీకు ఉపయోగపడుతుంది. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఊరి చాకలికి, మంగలికి, వడ్రంగికి ఇచ్చే గింజలను కూడా మేర అనేవారు.

కొత్తపట్నం సభ్యుడు:
అదిగో, ఒప్పుకున్నారు! మేరలోనే వాటా ఉంది.

ఒంగోలు సభ్యురాలు:
మీ ఇద్దరి పొలిమేర తేలేలోగా నా గడువు దాటిపోతుంది. శీర్షికకు ‘సముద్రం అడుగున పొలిమేర’ ఖాయం చేశాను. ఒక్కటి మిగిలింది. బంగ్లాదేశ్‌కు 200 మైళ్లు దాటిన చోట, భారత్‌కు 200 మైళ్ల లోపే ఉన్న ఒక ముక్కలో అడుగు బంగ్లాదేశ్‌ది, పైనున్న నీళ్లలో హక్కు భారత్‌ది అయిందట. మూలంలో ‘బూడిదరంగు ప్రాంతం’ అని అర్థం వచ్చే మాట ఉంది. అలా రాయడానికి చేయి రావడం లేదు.

నెల్లూరు సభ్యుడు:
రాయకండి, బూడిదకూ దానికీ ఏమీ సంబంధం లేదు. ‘జంట మేర’ అనండి. మొదటిసారి వచ్చిన చోట ‘నీరు ఒకరి మేర, అడుగు ఇంకొకరి మేర’ అని ఒక్క వాక్యం చేర్చండి.

మైపాడు సభ్యుడు:
మా వాళ్లకైతే నీళ్లు ఎవరివో చెబితే చాలండి. చేప అక్కడే దొరుకుతుంది.

నెల్లూరు సభ్యుడు:
పీతల మాటేమిటి? అడుగును అంటిపెట్టుకుని కదిలే జీవాలు ఖండతీరపు అంచు హక్కులోకి వస్తాయని చట్టంలో ఉంది. ఏవి అంటిపెట్టుకున్నట్టు, ఏవి ఈదుతున్నట్టు అన్న దాని మీద కూడా దేశాలు తగువు పడ్డాయి. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.